గురుగ్రహం వెంట నడిచేవారు – గణితవేత్త లగ్రాంజ్ జీవితం

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్లకొకసారి ఎందుకు వస్తాయో మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. గురుడు సింహరాశిలో ప్రవేశిస్తే గోదావరికి, కన్యారాశిలో ప్రవేశిస్తే కృష్ణకు. గురుగ్రహం సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి 11.86 సంవత్సరాలు పడుతుంది కనుక ఇంచుమించు ఏడాదికి ఒక రాశి చొప్పున నడుస్తుంది. ఇంతవరకు పంచాంగం చెప్పే సంగతే. పంచాంగం చెప్పని సంగతి ఒకటుంది. ఆ బాటలో గురుడు ఒంటరిగా ప్రయాణం చేయడం లేదు. మనం సూర్యుని దగ్గర నిలబడి చూడగలిగితే, గురుడు సింహంలో ఉన్నప్పుడు రెండు రాశుల ముందు తులలో ఒక రాళ్ల గుంపు, రెండు రాశుల వెనుక మిథునంలో మరో రాళ్ల గుంపు అదే కక్ష్యలో సాగిపోతూ ఉంటాయి. ముందున్న వాటిని గురుడు అందుకోడు. వెనుక ఉన్నవి గురుణ్ణి అందుకోవు. వీటిని ఖగోళ శాస్త్రజ్ఞులు ట్రోజన్ గ్రహశకలాలు అంటారు. ఇప్పటికి పదివేలకు పైగా లెక్కకు వచ్చాయి.

వీటిలో ఇది గురుడి బాటలో నడిచే రాయి అని మనిషి మొట్టమొదట గుర్తించినది 1906లో. కాని అలాంటి వస్తువు అక్కడ ఉండటానికి వీలున్నదని 1772లోనే, అంటే 134 సంవత్సరాల ముందే, కాగితం మీద తేల్చిన మహానుభావుడు ఒకరున్నారు. అప్పటికి ఆకాశంలో ఒక్క గ్రహశకలమైనా ఎవరికీ తెలియదు. ఆయన పేరు జోసెఫ్ లూయీ లగ్రాంజ్. విచిత్రమేమంటే, తాను కనుగొన్నది లెక్కలో వచ్చిన ఒక ముచ్చటే తప్ప మన సౌరకుటుంబంలో దానికి ఉదాహరణ ఏదీ లేదనే ఆయన భావించారు. రాజుల కొలువు, విప్లవం, పింఛను, ధరల పెరుగుదల – ఆయన జీవితంలో మన సభ్యులకు పరిచయమున్న విషయాలు చాలానే ఉన్నాయి కనుక ఈ ప్రత్యేక సంచికలో కాస్త వివరంగా చెప్పుకుందాం.

లగ్రాంజ్ 1736 జనవరి 25న ట్యూరిన్ నగరంలో జన్మించారు. ఇప్పుడు అది ఇటలీలో ఉంది. ఆ రోజుల్లో సార్డీనియా రాజ్యానికి రాజధాని. ముత్తాత ఫ్రాన్సు నుంచి వచ్చి స్థిరపడిన సైనికాధికారి. అందువల్లనేమో ఈయన చిన్ననాటి నుంచీ పేరును ఫ్రెంచి పద్ధతిలో రాసుకోవడానికే ఇష్టపడేవారు. తండ్రి ట్యూరిన్‌లో ప్రజాపనులు, కోటల నిర్మాణ శాఖకు కోశాధికారి. మన మాటల్లో చెప్పాలంటే పి.డబ్ల్యు.డి. ఖజానా చూసే గౌరవనీయుడైన సర్కారు ఉద్యోగి. తల్లి ఒక వైద్యుని కుమార్తె. పుట్టిన పదకొండు మంది సంతానంలో ఈయన పెద్దవారు. పెరిగి పెద్దయినది ఇద్దరే. తండ్రి లాభాలకు ఆశపడి పెట్టిన పెట్టుబడుల్లో ఆస్తి చాలావరకు పోయింది. పెద్దయ్యాక లగ్రాంజ్ ఆ నష్టాన్ని తన అదృష్టంగానే చెప్పుకునేవారట. ఆస్తి మిగిలి ఉంటే తాను గణితం జోలికి వచ్చి ఉండేవాణ్ణి కానని ఆయన ఉద్దేశం.

కొడుకు వకీలు కావాలని తండ్రి కోరిక. కొడుకుకు లాటిన్ సాహిత్యం మీద మోజు. ఈ రెంటి మధ్యలోకి, తోకచుక్కతో పేరు తెచ్చుకున్న ఎడ్మండ్ హాలీ రాసిన ఒక గణిత వ్యాసం వచ్చి పడింది. అద్దాలు, కటకాల లెక్కలకు బీజగణితం ఎంత సులువైన సాధనమో అందులో చెప్పారు. అంతే, కుర్రవాడు మిగతా పుస్తకాలు పక్కన పెట్టేశాడు. పెద్ద గురువులెవరూ లేరు. దొరికిన పుస్తకమల్లా తానే చదువుకున్నాడు. గురువు లేని చదువుకు ఉండే చిక్కు ఆయనకూ తప్పలేదు. 1754లో అచ్చయిన మొదటి వ్యాసంలోని ఫలితాన్ని లైబ్నిట్జ్, బెర్నూలీ ఎప్పుడో కనుగొన్నారని తరువాత తెలిసింది. లోకం తనను దొంగ అనుకుంటుందేమోనని ఆ పద్దెనిమిదేళ్ల కుర్రవాడు భయపడిపోయాడు.

మరుసటి సంవత్సరమే ఆ బెంగ తీరిపోయింది. 1755 ఆగస్టు 12న, ఆ రోజుల్లో ఐరోపాలో గణితానికి పెద్దదిక్కు అయిన ఆయిలర్‌కు బెర్లిన్ చిరునామాకు ఒక ఉత్తరం రాశారు. ఒక వక్రరేఖ ఎలా ఉంటే ఫలానా పరిమాణం అతి తక్కువో అతి ఎక్కువో అవుతుంది అనే తరహా లెక్కలకు ఆయిలర్ బొమ్మలు గీసి ఎంతో శ్రమపడి సాధన చూపారు. పంతొమ్మిదేళ్ల లగ్రాంజ్ బొమ్మ అక్కర లేకుండా నాలుగు పంక్తుల్లో తేల్చే దారి చూపించారు. ఆయిలర్ స్వయంగా అదే విషయం మీద పనిచేస్తూ కూడా, ఈ కుర్రవాడి పేరు ముందు బయటకు రానివ్వాలని తన వ్యాసాలను ఆపి ఉంచారు. పైవాడు కిందివాడి పనిని తన సంతకంతో పంపుకునే కాలం మనం చూశాం కనుక ఈ పెద్దమనిషి గుణం మనకు మరింత బాగా అర్థమవుతుంది. ఆ సెప్టెంబరులోనే లగ్రాంజ్‌కు ట్యూరిన్ ఫిరంగిదళ పాఠశాలలో ఉపాధ్యాయ పదవి వచ్చింది. శిష్యుల్లో చాలామంది గురువు కంటే వయసులో పెద్దవారు.

పదకొండేళ్లు అక్కడ పనిచేశారు. మిత్రులతో కలిసి ఒక విద్వత్సభ స్థాపించారు. అదే తరువాత ట్యూరిన్ విజ్ఞాన అకాడమీ అయింది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం మన వైపు ఎందుకు తిప్పి ఉంచుతాడు, ఆ ముఖం కొద్దిగా ఊగుతున్నట్టు ఎందుకు కనిపిస్తుంది అనే విషయం మీద 1764లో ప్యారిస్ అకాడమీ బహుమతి గెలుచుకున్నారు. గురుగ్రహపు చందమామల గురించి 1766లో మరొకటి. పేరు దేశాలు దాటింది గాని సొంత ఊళ్లో మంచి పదవి ఇస్తామన్న మాటలు మాటలుగానే మిగిలాయి. ప్యారిస్‌లోని పెద్ద గణితవేత్త, ఆప్తమిత్రుడు దలాంబేర్ బెర్లిన్‌లో కొలువు ఇప్పించబోతే, ఆయిలర్ ఉన్నచోట తన అవసరం లేదని మొదట ఒప్పుకోలేదు. 1766లో ఆయిలర్ రష్యాకు వెళ్లిపోయాక, అదే సంవత్సరం నవంబరు 6న, ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ కొలువులో గణిత విభాగానికి అధిపతిగా చేరారు.

బెర్లిన్‌లో ఇరవై సంవత్సరాలు గడిచాయి. పరదేశి వచ్చి పైన కూర్చున్నాడని మొదట్లో కొందరు తోటివారు ముఖం ముడుచుకున్నారు. ఆయన ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. వాదనలకు దిగేవారు కారు. తెలియని విషయాన్ని తెలియదని చెప్పడానికి సంకోచించేవారు కారు. రోజుకు ఎంత పని చేస్తే అలసట రాదో తన ఒంటిని బట్టి తెలుసుకుని, మర్నాడు చేయవలసిన పనిని ముందు రాత్రే నిర్ణయించుకునేవారు. అంతకు మించి ఒక్క గంట కూడా పనిచేసేవారు కారట. సంగీత సభలకు మాత్రం తప్పక వెళ్లేవారు. పాట మొదలైన కాసేపటికి ఇక ఏమీ వినిపించదనీ, అప్పుడు లెక్కలు హాయిగా సాగుతాయనీ దానికి కారణం. పాడేవారికి ఈ సంగతి తెలిసి ఉంటే ఏమనుకునేవారో!

1767లో మేనరికపు బంధువైన విత్తోరియా కోంతీని వివాహం చేసుకున్నారు. అంత ఆప్తుడైన దలాంబేర్‌కు కూడా కబురు చేయలేదు. ఆయన ఈ సంగతి ఇతరుల వల్ల విని నిలదీయవలసి వచ్చింది. వారికి సంతానం కలగలేదు.

ఆ ఇరవై ఏళ్ల పనిలో ఒకటి మన దేశానికి సంబంధించినది. ఒక వర్గసంఖ్యను ఇచ్చిన సంఖ్యతో గుణించి ఒకటి కలిపితే మరో వర్గసంఖ్య రావాలి, అవి ఏవి? ఇది బ్రహ్మగుప్తుడి కాలం నుంచి మనవారు వర్గప్రకృతి అని పిలిచిన లెక్క. పన్నెండవ శతాబ్దిలో భాస్కరాచార్యులు చక్రవాళ పద్ధతితో ఎంత కష్టమైన ఉదాహరణనైనా సాధించి చూపారు. అయితే ఏ సంఖ్య ఇచ్చినా, అది తానే వర్గసంఖ్య కానంత వరకు, సమాధానం తప్పకుండా ఉంటుందని నిరూపించినవారు లగ్రాంజ్. భాస్కరుని పద్ధతి ఆయనకు తెలియదు. ఒకే గమ్యానికి వేరే దారిలో వచ్చారు.

ఇక గురుడి బాట సంగతి. రెండు గోళాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటే అవి ఎలా తిరుగుతాయో న్యూటన్ పూర్తిగా చెప్పగలిగారు. మూడోది వచ్చి చేరితే లెక్క ఎవరి చేతికీ చిక్కలేదు. సూర్యుడు, భూమి, చంద్రుడు – ఈ ముగ్గురి లెక్క కోసం మహామహులు తలలు పట్టుకున్నారు. 1772లో ప్యారిస్ అకాడమీ ఈ విషయం మీదే బహుమతి ప్రకటించింది. ఆయిలర్, లగ్రాంజ్ దానిని పంచుకున్నారు. లగ్రాంజ్ వేసుకున్న ప్రశ్న సులువుగా కనిపించే ప్రశ్న. అన్ని సందర్భాలకూ సమాధానం దొరకకపోతే పోనీ, మూడు గోళాలు తమ మధ్య ఉన్న ఆకారం చెడకుండా తిరిగే సందర్భాలు ఏమైనా ఉన్నాయా? ఉన్నాయి. మూడూ ఒకే సరళరేఖ మీద ఉండటం ఒక పద్ధతి. దానిని ఆయిలర్ అంతకు ముందే చూశారు. లగ్రాంజ్ కొత్తగా చూపినది రెండో పద్ధతి. మూడూ ఒక సమబాహు త్రిభుజం మూలల్లో ఉంటే చాలు, వాటి బరువులు ఎంతయినా కావచ్చు, ఆ త్రిభుజం చెదరకుండా తిరుగుతుంది.

సూర్యుణ్ణి ఒక మూలలో, గురుణ్ణి ఒక మూలలో ఉంచండి. సూర్యుడికి గురుడు సుమారు 78 కోట్ల కిలోమీటర్ల దూరం. మూడో మూల కూడా సూర్యుడికీ, గురుడికీ అంతే దూరంలో ఉండాలి. అలాంటి చోట్లు గురుడి కక్ష్య మీద సరిగ్గా రెండే ఉన్నాయి. గురుడికి 60 డిగ్రీల ముందు ఒకటి, 60 డిగ్రీల వెనుక ఒకటి. మనం మొదట అనుకున్న రెండు రాశులు ఇవే. ఆ చోట ఒక రాయిని సరైన వేగంతో వదిలితే అది గురుడితో సమానంగా నడుస్తుంది. కొంచెం పక్కకు జరిగినా దారి తప్పి పోతుందా పోదా అనే ప్రశ్నకు జవాబు లగ్రాంజ్ తరువాత 1843లో గాషో అనే ఫ్రెంచి గణితవేత్త చెప్పారు. పెద్ద గోళం రెండో దానికంటే సుమారు 25 రెట్లు మించి బరువుంటే రాయి ఆ చోటు చుట్టూ ఊగిసలాడుతుందే తప్ప విడిచిపోదు. సూర్యుడు గురుడి కంటే వెయ్యి రెట్లకు పైగా బరువు. కనుక పీటముడి పడినట్టే.

ఇదంతా రాసిన మనిషి దాని కోసం ఆకాశం వైపు చూడలేదు. చూసినా ఆనాటి దుర్భిణికి కనిపించేది కాదు.

లగ్రాంజ్‌కు గడ్డుకాలం 1783లో వచ్చింది. భార్య ఎన్నో ఏళ్ల జబ్బు తరువాత ఆ సంవత్సరం మరణించింది. ఆమెకు సేవలన్నీ ఆయనే చేశారు. సెప్టెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయిలర్ పోయారు. అక్టోబరులో ప్యారిస్‌లో దలాంబేర్ పోయారు. ఇల్లాలు, గురువు వంటివాడు, స్నేహితుడు – ముగ్గురూ ఒకే ఏడాదిలో. అంతకు రెండేళ్ల ముందే ఆయన దలాంబేర్‌కు రాసిన ఉత్తరంలో గణితం బాగా లోతుకు తవ్విన గనిలా అయిపోయిందనీ, కొత్త ఖనిజం దొరకకపోతే విడిచిపెట్టక తప్పదనీ నిరుత్సాహపడ్డారు. 1786 ఆగస్టులో ఫ్రెడరిక్ రాజు కూడా మరణించాక బెర్లిన్‌లో ఆయనకు మిగిలినదేమీ లేకపోయింది. 1787 మే నెలలో ఫ్రాన్సు రాజు ఆహ్వానం మీద ప్యారిస్‌కు బయలుదేరారు.

అక్కడి అకాడమీలో ఆయనకు ఇచ్చిన హోదా పేరు మన సభ్యులు గమనించదగ్గది. వెటరన్ పెన్షనర్. ఆ అకాడమీలో జీతం పొందే సభ్యులను పెన్షనర్లు అనేవారు. లూవ్ర్ భవనంలో నివాసం ఇచ్చారు. రాణి మారీ ఆంటోనెట్ కూడా ఆయనను ఆదరించింది. కాని మనిషిలో ఉత్సాహం పోయింది. సభల్లో కిటికీ దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయేవారట. ఆయన జీవితంలోకెల్లా గొప్ప గ్రంథం, బొమ్మ ఒక్కటీ లేకుండా యంత్రశాస్త్రమంతటినీ సమీకరణాల్లో చెప్పిన మెకానిక్ అనలిటిక్, 1788లో అచ్చయి చేతికి వచ్చింది. రెండేళ్ల పాటు దానిని విప్పి కూడా చూడలేదని చెబుతారు. యాభై రెండేళ్ల వయసుకే తన పని అయిపోయిందని నమ్మిన మనిషి ఆయన.

1789లో విప్లవం వచ్చింది. మిత్రులు బెర్లిన్ వెళ్లిపొమ్మన్నారు. ఆయన కదలలేదు. జాతీయ శాసనసభ ఆయన పింఛనును కొనసాగించింది. కొనసాగించింది గాని దానిని చెల్లించేది కొత్తగా అచ్చువేసిన అసిన్యా కాగితపు డబ్బుతో. నెల నెలకూ ఆ కాగితం విలువ పడిపోతూ, రొట్టె ధర పెరుగుతూ పోయింది. ధరల సూచీ చూసి కరువు భత్యం లెక్క కట్టే పద్ధతి ఆనాడు లేదు. లోటు పూడ్చడానికి ఆయనను కొత్త పరికరాలకు బహుమతులిచ్చే సంఘంలోనూ, కొంతకాలం టంకశాల పాలకవర్గంలోనూ నియమించారు. విలువ పోతున్న డబ్బుతో నష్టపోయినవాణ్ణే డబ్బు తయారుచేసే చోట కూర్చోబెట్టడం విప్లవకాలపు హాస్యం అనుకోవాలి.

1792లో మళ్లీ ఇల్లు వెలిగింది. ఖగోళవేత్త ల మొన్యే కుమార్తె, వయసులో ఆయన కంటే చాలా చిన్నది, ఈ విచారగ్రస్తుణ్ణి చూసి జాలిపడి, తానే పట్టుబట్టి ఆయనను వివాహం చేసుకుంది. ఆయన వయసు అప్పటికి యాభై ఆరు. లోకం వింతగా చూసింది గాని ఆ కాపురం చివరివరకు చక్కగా సాగింది. ఆమె పక్కన లేకుండా ఆయన ఎక్కడికీ వెళ్లేవారు కారు. ఈ మామగారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. యురేనస్ గ్రహాన్ని హెర్షెల్ 1781లో కనిపెట్టడానికి ముందే ల మొన్యే దానిని పన్నెండు సార్లు చూసి, నక్షత్రమనుకుని రాసి పెట్టుకున్నారు. మామగారు కంటితో చూసి గుర్తించలేకపోయారు. అల్లుడు చూడకుండానే లెక్క కట్టారు.

1793 సెప్టెంబరులో శత్రుదేశాల్లో పుట్టినవారినందరినీ బంధించాలని చట్టం వచ్చింది. ట్యూరిన్‌లో పుట్టిన లగ్రాంజ్ ఆ చట్టం కిందికే వస్తారు. ఆయన తరఫున నిలబడి మినహాయింపు ఇప్పించినవారు రసాయన శాస్త్రవేత్త లవాజియే. ఎనిమిది నెలలు తిరగలేదు. 1794 మే 8న అదే లవాజియేను, పాత ప్రభుత్వంలో పన్నుల వసూలు గుత్తేదారుగా ఉన్నందుకు, విచారణ జరిగిన రోజునే గిలెటిన్ కింద తల నరికారు. తనను కాపాడినవాణ్ణి కాపాడే శక్తి లగ్రాంజ్‌కు లేకపోయింది. ఆ తల పడటానికి క్షణం పట్టిందనీ, మళ్లీ అటువంటిది పుట్టడానికి నూరేళ్లయినా చాలవేమోననీ మర్నాడు మిత్రుడు దలాంబ్ర్ దగ్గర కుమిలిపోయారు. పైకి చెప్పుకోగలిగినది అంతవరకే. ఆ రోజుల్లో అంతమాత్రం మాటకు కూడా ధైర్యం కావాలి.

ఆ భయంకరమైన కాలంలోనే ఆయన చేతుల మీదుగా జరిగిన ఒక పని ఇప్పటికీ మన కిరాణా కొట్టుదాకా వస్తోంది. కొత్త కొలతలు, తూనికలు నిర్ణయించే సంఘంలో ఆయన 1790 నుంచీ సభ్యులు. లవాజియే, లాప్లాస్ మొదలైనవారిని తొలగించాక కూడా ఈయనను ఉంచి అధ్యక్షుణ్ణి చేశారు. పన్నెండు చొప్పున లెక్కించే పద్ధతి పెట్టాలని కొందరు వాదిస్తే, పది చొప్పునే ఉండాలని ఆయన గట్టిగా నిలబడ్డారు. మీటరు, కిలోగ్రాము అలా వచ్చాయి. మన దేశంలో 1957 ఏప్రిల్ 1న నయా పైసలు, 1958 అక్టోబరు నుంచి కిలోలు రావడం మొదలైనప్పుడు అణాలను పైసల్లోకి, వీశెలను కిలోల్లోకి మార్చుతూ రిజిస్టర్లు నింపిన పెద్దలు మన సభ్యుల్లో ఉంటే, వారి వేళ్ల నొప్పికి కొంత బాధ్యత ఈ మహాశయుడిది కూడా.

గని ఎండిపోయిందనుకున్నవాడికి ఊట మళ్లీ పుట్టినది పాఠం చెప్పడంలో. 1794 చివర ప్యారిస్‌లో తెరిచిన ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆయన మొదటి గణిత ఆచార్యులు. గొంతు చిన్నది, ఇటలీ యాస పోలేదు, వెనుక వరుసవారికి మాట సరిగ్గా వినిపించేది కాదు. అయినా ఆ పాఠాల నుంచే రెండు పెద్ద పుస్తకాలు తయారయ్యాయి. ఆడపిల్లలకు ఆ విద్యాలయంలో ప్రవేశం లేదు. సోఫీ జెర్మెన్ అనే అమ్మాయి పాఠాల రాతప్రతులు సంపాదించి చదివి, ల బ్లాన్ అనే మగవిద్యార్థి పేరుతో తన పరిశీలనలు ఆయనకు పంపింది. ఆ తెలివికి ఆశ్చర్యపడి ఎవరా అని విచారించి, అసలు సంగతి తెలిశాక ఆయన కోపగించుకోలేదు. ఆమె ఇంటికి వెళ్లి మెచ్చుకుని ప్రోత్సహించారు. తరువాత ఆమె గొప్ప గణితవేత్త అయింది. ఆయిలర్ తన పట్ల చూపిన మంచితనాన్ని లగ్రాంజ్ ఇలా ముందుకు అందించారు.

ఈ భాగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ట్యూరిన్‌లో జరిగింది. ఫ్రెంచి సైన్యాలు ఆ ప్రాంతాన్ని ఆక్రమించుకున్నాక, విదేశాంగ మంత్రి తాలేరాం ఆదేశం మీద ఫ్రెంచి ప్రతినిధి పరివారంతో బయలుదేరి ఒక ముసలాయన ఇంటికి వెళ్లి, అటువంటి కొడుకును కన్నందుకు అభినందనలు తెలిపారు. ఆ ముసలాయన ఎప్పుడో డబ్బు పోగొట్టుకున్న మన కోశాధికారి. కొడుకును వకీలును చేయాలనుకున్న తండ్రి.

నెపోలియన్ ఆయనను ఎంతో గౌరవించారు. 1799లో సెనేటరు, 1808లో కౌంట్ బిరుదు. బిరుదులు ఆయన నడతను మార్చలేదు. ఈలోగా ఆకాశంలో కొత్త సంగతులు మొదలయ్యాయి. 1801 జనవరి 1న సిసిలీలో పియాజీ సెరిస్‌ను చూశారు. 1807 లోపల పల్లాస్, జూనో, వెస్టా బయటపడ్డాయి. నాలుగూ కుజుడికీ గురుడికీ మధ్య తిరిగేవే. గురుడి బాటలోని ఆ రెండు చోట్లు మాత్రం ఆయన బతికుండగా ఖాళీగానే కనిపించాయి.

డెబ్బై దాటాక కూర్చుని తన పాత గ్రంథాన్ని మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టారు, ఒకప్పుడు విప్పి చూడని ఆ గ్రంథాన్నే. మొదటి సంపుటం 1811లో వచ్చింది. రెండోదాని పని సాగుతుండగా ఆరోగ్యం దెబ్బతిన్నది. 1813 ఏప్రిల్ 8న మిత్రులు మోంజ్, లాసెపేడ్, షాప్తాల్ చూడవచ్చారు. రెండు గంటలకు పైగా తొణకకుండా తన జీవితం గురించి వారితో మాట్లాడారు. 10వ తేదీ ఉదయం కన్నుమూశారు. ప్యారిస్‌లో మహనీయుల సమాధి మందిరమైన పాంథియోన్‌లో ఖననం చేశారు. రెండో సంపుటం ఆయన పోయిన తరువాత 1815లో వెలువడింది.

దాదాపు వంద సంవత్సరాలు గడిచాయి. 1906 ఫిబ్రవరి 22న జర్మనీలో హైడెల్బర్గ్ కొండ మీది వేధశాలలో మాక్స్ వుల్ఫ్ తీసిన ఫోటో పలకలో ఒక చిన్న గీత కనిపించింది. ఆకాశాన్ని గంటల తరబడి ఫోటో తీస్తే నక్షత్రాలు చుక్కలుగా, గ్రహశకలాలు కదలిక వల్ల గీతలుగా పడతాయి. ఈ గీత మరీ పొట్టిది, అంటే వస్తువు నెమ్మదిగా కదులుతోంది, అంటే చాలా దూరాన ఉంది. లెక్క కడితే దూరం గురుడి దూరమే వచ్చింది. స్వీడన్‌కు చెందిన షార్లియే అది గురుడికి సుమారు అరవై డిగ్రీల ముందు నడుస్తున్నదని గమనించి, ఇది లగ్రాంజ్ చూపిన మూడో మూల అని గుర్తించారు. దానికి ఎకిలీస్ అని పేరు పెట్టారు. ఈ రాళ్లు ఆ చోట కదలకుండా నిలబడవని ముందే చెప్పుకున్నాం. ఒక ఊపు పూర్తి కావడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పడుతుంది. 1772లో లగ్రాంజ్ కలం పెట్టిన నాటి నుంచి వుల్ఫ్ కంటికి చిక్కిన నాటి దాకా అది ఒక్క ఊపు కూడా పూర్తి చేయలేదన్నమాట.

అదే సంవత్సరం అక్టోబరులో వెనుక చోట మరొకటి, మరుసటి ఫిబ్రవరిలో ముందు చోట ఇంకొకటి దొరికాయి. వియన్నాకు చెందిన పలీసా సలహా మీద వీటికి గ్రీకుల ట్రాయ్ యుద్ధ వీరుల పేర్లు పెట్టారు. ఆ తరువాత ముందున్న గుంపుకు గ్రీకు వీరుల పేర్లు, వెనుక ఉన్న గుంపుకు ట్రాయ్ వీరుల పేర్లు అని కట్టుబాటు చేసుకున్నారు. ఈ నియమం వచ్చేలోగానే పేర్లు పడిపోవడం వల్ల గ్రీకుల పత్రోక్లస్ ట్రాయ్ శిబిరంలోనూ, ట్రాయ్ రాజకుమారుడు హెక్టర్ గ్రీకు శిబిరంలోనూ ఉండిపోయారు. మన యుయుత్సుడైతే ఏరికోరి పాండవుల వైపు వచ్చాడు. పాపం వీరిద్దరిదీ రిజిస్టరులో పడిన నమోదు.

ఆ తరువాత కుజుడికీ, యురేనస్‌కూ, నెప్ట్యూన్‌కూ ఇలాంటి తోడు రాళ్లు దొరికాయి. 2010లో భూమికి కూడా ఒకటి దొరికింది. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరి, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన 2024 జనవరి 6న స్థానం చేరిన ఆదిత్య ఎల్-1 పేరులోని ఎల్ అక్షరం లగ్రాంజ్‌దే. నిజానికి సూర్యుడికీ భూమికీ మధ్య ఒకే రేఖ మీద ఉండే ఆ మొదటి చోటు ఆయిలర్ లెక్కలోది. అది నిలకడైన చోటు కూడా కాదు, అప్పుడప్పుడు ఇంధనం మండించి నౌకను సర్దుకుంటూ ఉండాలి. కుర్రవాడి కోసం ఒకప్పుడు తన కాగితాలు ఆపుకున్న ఆయిలర్ పేరు ఇక్కడా వెనుకే ఉండిపోయింది.

గురుడి తోడు రాళ్లను దగ్గర నుంచి చూడటానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2021 అక్టోబరు 16న లూసీ అనే నౌకను పంపింది. ముందు గుంపులోని యురిబేటిస్ దగ్గరకు అది 2027 ఆగస్టులో చేరవలసి ఉంది. గురుడు సింహరాశిలో ప్రవేశించి గోదావరి పుష్కరాలు జరిగే సంవత్సరం కూడా 2027. ఆ మీదట 2033లో వెనుక గుంపులోని పత్రోక్లస్‌ను చూడాలని ప్రణాళిక.

లగ్రాంజ్ పేరు కూడా ఒక గ్రహశకలానికి పెట్టారు. 1923లో కనుగొన్న 1006వ నంబరు లగ్రాంజియా. అది గురుడి బాటలోది కాదు. కుజుడికీ గురుడికీ మధ్య, సెరిస్ తిరిగే చోటనే, వేలాది రాళ్లలో ఒకటిగా తిరుగుతోంది.